భయం వేస్తే విశ్వాసం లేనట్టేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

పోయిన వారం గుంటూరులో ఒక ఆసుపత్రికి వెళ్లాను. తెల్లారితే ఆపరేషన్ ఉన్న పెద్దాయన, మా సంఘస్థుడే. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని, పక్క మంచం వాళ్లకు వినపడకుండా అడిగాడు: "అయ్యగారూ, భయంగా ఉందండీ. నాలో విశ్వాసం తగ్గిపోయిందంటారా?"

ఆపరేషన్ భయం సగమైతే, భయపడుతున్నానే అన్న బెంగ ఇంకో సగం. సంఘ కాపరిగా ఇరవై రెండేళ్లయింది. ఈ ప్రశ్న నెలకోసారైనా వింటున్నాను. ఆయన మీద జాలే. ఆయన చెవిలో ఈ మాట ఊదినవాళ్ల మీదే కోపం.

అపోహ: నిజమైన విశ్వాసికి భయమే ఉండదు. మందులు వాడితే దేవుణ్ని నమ్మనట్టే.

యెహోషువ గ్రంథం మొదటి అధ్యాయం తీయండి. ధైర్యంగా ఉండమన్న మాట ఆ ఒక్క అధ్యాయంలోనే నాలుగుసార్లు వస్తుంది. మూడుసార్లు దేవుడే చెప్పాడు, నాలుగోసారి జనం చెప్పారు. మోషే చనిపోయాడు, జనాన్ని నడిపించే భారం యెహోషువ మీద పడింది. ఎదురుగా యొర్దాను, వెనకాల అంత జనం. గుండె జారని మనిషికి ఒకే మాట అన్నిసార్లు చెప్పాల్సిన పనేముంది? పైగా "నువ్వు గట్టివాడివి, నీకేం కాదు" అనలేదు. "నీవు నడుచు మార్గమంతటిలో నీ దేవుడైన యెహోవా నీకు తోడైయుండును" అన్నాడు. ఆ తోడే ధైర్యం.

ఏలీయా ప్రవక్త సంగతీ అంతే. యెజెబెలు రాణి బెదిరింపుకు అరణ్యంలోకి పారిపోయి, చెట్టు కింద కూర్చుని, ప్రాణం తీసెయ్యమని ప్రార్థన చేశాడు. దేవుడు ఆయన్ని మందలించలేదు. పడుకోనిచ్చాడు. దూతను పంపి రొట్టె, నీళ్లు ఇప్పించాడు. మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి తినిపించాడు. మాటలు తర్వాత. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసుప్రభువు చెమట రక్తపు బిందువుల్లా పడిందని రాసింది లూకా. ప్రభువు దాచుకోని కలతను మనం దాచుకుంటే పెద్ద భక్తి అయిపోతుందా?

దాచుకుంటే ఏమవుతుందో మా సంఘంలోనే చూశాను. ఆరేళ్ల కిందటి మాట. ఒక అక్కకు షుగరు, ఇన్సులిన్ వేసుకునేది. ఎక్కడో మహాసభలకు వెళ్లొచ్చి, ఆదివారం నిలబడి సాక్ష్యం చెప్పింది: "స్వస్థత పొందాను, సూదులు మానేశాను." మైకు నా చేతిలోనే ఉంది. "స్తోత్రం" అన్నాను, చప్పట్లు కొట్టించాను. టెస్ట్ చేయించుకున్నావా అమ్మా అని అడగలేదు.

కొన్ని వారాలకు మళ్లీ దాహం, నీరసం మొదలయ్యాయి. అంతమంది ముందు సాక్ష్యం చెప్పి మళ్లీ సూది పట్టుకోవడానికి మొహం చెల్లలేదు. చెప్పు కరిచిన చోట పుండు పడింది. మా మందిరంలో చెప్పులు గుమ్మం బయటే విప్పుతాం, కింద చాపల మీద కూర్చుంటాం. ఈమె నల్ల సాక్సులు తొడుక్కుని వచ్చేది. మే నెలలో, ఫ్యాన్లు కూడా సరిగా తిరగని హాల్లో, సాక్సులెందుకమ్మా అని నేను అడగలేదు, ఇంకెవరూ అడగలేదు. వాసన వచ్చాక వాళ్లబ్బాయి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. కుడికాలి వేళ్లు రెండు తీసేశారు. వార్డులో నన్ను చూసి ఆవిడ అన్న మాట ఇది: "మీకు చెడ్డపేరు వస్తుందని చెప్పలేదయ్యగారూ."

ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

బైబిల్లో మందుకూ ప్రార్థనకూ పోటీ ఎక్కడుంది? జబ్బుపడ్డ హిజ్కియా రాజుకు పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానన్న దేవుడే ఉన్నాడు, అయినా పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టమని యెషయా ప్రవక్త చెప్పాడు. లూకా వైద్యుడు. తిమోతి కడుపు జబ్బుకు పౌలు చెప్పింది కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని. బాగైన కుష్ఠరోగిని సైతం వెళ్లి యాజకునికి కనబరచుకోమన్నాడు యేసు. ఆ కాలంలో రిపోర్టు అంటే అదే. మా గుంటూరు సంగతే తీసుకోండి. 1883లో అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ గారు 1898లో ఇక్కడ ఆసుపత్రి తెరిపించారు. ప్రార్థన ఉండగా ఆసుపత్రి ఎందుకనుకుంటే ఆవిడ అంత అవస్థ పడేవారా?

ఇప్పుడు మా దగ్గర స్వస్థత సాక్ష్యం చెప్పాలంటే ముందు రిపోర్టు చూపించాలి. డాక్టరు మానమనేదాకా మందు మానకూడదు. దీనికి ఒకరిద్దరు అలిగి వేరే సంఘానికి వెళ్లిపోయారు. వెళ్లనీయండి.

అపోహ: బైబిల్లో "భయపడకుము" 365 సార్లుంది, రోజుకొకటి. ఏటా జనవరిలో వాట్సాప్‌లో తిరుగుతుంది. ఓపికుంటే లెక్కపెట్టుకోండి, అన్ని రావు. ఒక్కసారి ఉన్నా చాలు కదా!

అపోహ: మోయలేని భారం దేవుడు పెట్టడు. దీనికి ఆధారంగా చూపించే వచనం (1 కొరింథీ 10:13) శోధన గురించి, అంటే పాపంలోకి లాగే ఆశ గురించి, కష్టాల గురించి కాదు. ఆసియలో మా శక్తికి మించిన భారంతో కుంగిపోయాం, బతుకుతామన్న ఆశ కూడా వదులుకున్నాం అని రాసింది సాక్షాత్తూ పౌలే. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గర దయచేసి ఈ మాట అనకండి. ఊరికే పక్కన కూర్చోండి, టీ పెట్టివ్వండి.

అపోహ: డిసెంబర్ 31 రాత్రి తీసిన వాగ్దాన కార్డు (బైబిలు వచనం రాసిన చీటీ) ఆ ఏడాదికి గ్యారంటీ. కార్డులు మేమూ పంచుతాం, తప్పులేదు. కానీ అందరూ కోరుకునే యిర్మీయా 29:11 (మీకు మేలే తలపెట్టాను, హాని కాదు అన్న మాట) బబులోను చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరంలోది. ఆ చెర తీరడానికి డెబ్బై ఏళ్లు అని దాని పై వచనంలోనే ఉంది. ఆటోల వెనక రాసుకునే "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" కూడా ఖైదులో ఉన్న మనిషి మాట. ఆకలినీ, లేమినీ ఓర్చుకోవడం నేర్చుకున్నానని చెబుతూ అన్నది. గ్రూప్స్ పరీక్షలో ర్యాంకు గురించి కాదు.

ఇక ఉపవాస ప్రార్థన. షుగరు మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా ఉపవాసం ఉండొద్దని ప్రతి శుక్రవారం మైకులో చెబుతాను. వెనక గదిలో మా ఇంటావిడ ఇడ్లీ పాత్ర పెడుతుంది. మొదటి రెండు వారాలు ఒక్కరూ అటు వెళ్లలేదు, ఎవరైనా చూస్తారని. మూడో వారం పాట మధ్యలో నేనే లేచి వెళ్లి, తలుపు తెరిచే ఉంచి, రెండు ఇడ్లీలు తిన్నాను. నాకు షుగరు లేదు. వెనకాలే సాక్సుల అక్క కుంటుకుంటూ వచ్చి, "చట్నీ ఏదయ్యగారూ?" అంది.