వెట్ ఫ్లై ఎందుకు వెనకబడింది, ఎలా తిరిగొచ్చింది?

ఈక, బొచ్చు, పట్టుదారం గాలానికి చుట్టి పురుగులా కనిపించేలా చేసే ఎరే ఫ్లై. నీటిపై తేలితే డ్రై ఫ్లై, మునిగితే వెట్ ఫ్లై. ఇంగ్లండులో గాలపు వేటపై 1496లో అచ్చయిన రచనలోనే 12 ఫ్లైల వివరాలున్నాయి. ఆ తర్వాత దాదాపు నాలుగు వందల ఏళ్లు ట్రౌట్ (చల్లటి నీటి చేప) వేటంటే చాలావరకు మునిగే ఫ్లైతోనే.

ఆ విద్య పండింది ఉత్తర ఇంగ్లండు, స్కాట్లండ్ సరిహద్దుల్లోని రాళ్ల ఏళ్లలో. అక్కడివాళ్లు 'స్పైడర్' అనే ఫ్లైకి రెక్కలు పెట్టరు. సన్నటి పట్టుదారపు ఒళ్లు, మెత్తటి ఈక ఒక్కటి, అంతే. చేపకు వెనకనుంచి, అంటే ప్రవాహానికి ఎదురుగా వేయాలని డబ్ల్యూ.సి. స్టూవర్ట్ 1857లో గట్టిగా చెప్పాడు. 1885లో టి.ఇ. ప్రిట్ యార్క్‌షైర్ రకాలను బొమ్మలతో సహా గ్రంథస్థం చేశాడు.

సరిగ్గా మరుసటి ఏడే దక్షిణ ఇంగ్లండునుంచి దెబ్బ పడింది. 1886లో ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ తేలే ఫ్లైల మీద పుస్తకం తెచ్చాడు. టెస్ట్, ఇచెన్ లాంటి సుద్దనేల నదుల్లో నీరు అద్దంలా ఉంటుంది, పైకి లేచే చేప కంటికి కనిపిస్తుంది. అక్కడ డ్రై ఫ్లై బాగా పనిచేస్తుంది, అందులో తప్పులేదు. కానీ అది పద్ధతిగా మిగలక మర్యాదగా మారింది. ఆ నదుల్లో మునిగే ఫ్లై వేస్తే పెద్దమనిషి తరహా కాదనేదాకా వెళ్లింది. జి.ఇ.ఎం. స్క్యూస్ 1910 నుంచి దీన్ని ఎదిరించాడు. ట్రౌట్ తినే తిండిలో ఎక్కువ భాగం నీటి లోపలిదేనని ఆయన వాదన. 1938లో కూడా లండన్ ఫ్లైఫిషర్స్ క్లబ్‌లో దీనిపై చర్చ నడిచింది.

అమెరికాలో కారణాలు వేరు. అడవులు నరికాక తూర్పు ప్రాంతపు వాగులు వేడెక్కి, రంగురంగుల వెట్ ఫ్లైలను తేలిగ్గా అందుకునే బ్రూక్ ట్రౌట్ తగ్గిపోయింది. 1883లో జర్మనీనుంచి గుడ్లుగా తెచ్చిన బ్రౌన్ ట్రౌట్ అంత సులభంగా మోసపోయే రకం కాదు. తర్వాత నీటి పురుగుల పిల్లల్లా కట్టి బరువు చుట్టిన ఫ్లైలు, అంటే నింఫ్‌లు, వచ్చి మిగిలిన చోటునూ ఆక్రమించాయి.

మా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద నష్టం అంగడి సరుకు చేసింది. కొనేవాడి కంటికి నిండుగా కనబడాలని ఈక మందంగా చుట్టారు. అలాంటి ఫ్లై నీళ్లలో ముద్దగా కదులుతుంది. చేప ముట్టకపోతే తప్పు పద్ధతి మీదకు పోయింది.

పెన్సిల్వేనియాలో జేమ్స్ లైసెన్‌రింగ్ ఈ విద్యను నిలబెట్టాడు. పీట్ హైడీతో కలిసి ఆయన రాసిన పుస్తకం 1941లో, యుద్ధకాలంలో వచ్చింది. 1975లో సిల్వెస్టర్ నీమ్స్ మెత్తటి ఈక ఫ్లైల మీద రాశాకే చాలామంది మళ్లీ ఇటు చూశారు.

పార్ట్రిడ్జ్ అండ్ ఆరెంజ్ అనే స్పైడర్ ఒక్కటి కట్టి చూస్తే కిటుకు తెలుస్తుంది. 14వ నంబరు గాలం, మైనం రాసిన నారింజ పట్టుదారం, గోధుమరంగు కౌజు ఈక ఒకటి. దారాన్ని గాలం కన్ను (దారం కట్టే రంధ్రం) వెనకనుంచి పక్కపక్కనే ఒక్క పొరగా చుట్టి, గాలం మొనకు సరిగ్గా పైన ఆపి, వెనక్కి రావాలి. ఈక పోగులు గాలం వంపు దాకా వస్తే చాలు. ఈకను కొసవైపునుంచి కట్టాలి. మొదలువైపు కాడ లావు కాబట్టి అటునుంచి కడితే తల ఉబ్బుతుంది. ఒకటిన్నర చుట్టు, మహా అయితే రెండు. మూడోది పడిందంటే పోగులు ఒకదానికొకటి అడ్డొచ్చి కదలవు. వేగమైన నీటిలో పోగులు ఒంటికి అతుక్కుపోతుంటే ఈక వెనక చిటికెడు కుందేలు బొచ్చు చుట్టాలి. అది వాటిని విప్పి ఉంచుతుంది. తడిస్తే పట్టు రంగు ముదురుతుంది, కాబట్టి పొడిగా ఉన్నప్పుడు చూసి రంగు ఎంచుకోకూడదు.

వేటలో దీని బలమంతా పురుగు పైకి వచ్చి రెక్క విప్పే ఆ కొద్ది క్షణాల్లోనే. లైసెన్‌రింగ్ పద్ధతిలో ఎగువకు వేసి, ఫ్లై మునిగి చేప దగ్గరకు కొట్టుకొచ్చేదాకా గాలపు కర్రతో వెంబడించి, అక్కడ కర్రను ఆపేయాలి. ప్రవాహమే దాన్ని పైకి లేపుతుంది. దిగువకు వేసినప్పుడు మాత్రం దారం బిగిసిన వెంటనే గుంజితే గాలం చేప నోట్లోంచి జారిపోతుంది. కర్ర కొస కాస్త ఎత్తి పట్టుకుని దారాన్ని కొంచెం వదులుగా ఉంచితే, చేప పక్కకు తిరిగేటప్పుడు గాలం దవడ మూలలో దానంతటదే దిగుతుంది.