తారు పూసిన చెవి నుంచి లాంగర్‌హాన్స్ కణాల దాకా

పొగగొట్టాలు శుభ్రం చేసే కార్మికుల వృషణకోశంపై వచ్చే క్యాన్సర్‌కు, చర్మపు మడతల్లో పేరుకుపోయే మసే కారణమని లండన్ శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ 1775లో రాశారు. దానికి ప్రయోగశాలలో రుజువు దొరకడానికి 140 ఏళ్లు పట్టింది. జపాన్‌లో యమగివా, ఇచికావా నెలల తరబడి కుందేళ్ల చెవులకు బొగ్గు తారు పూస్తూ పోయి, 1915లో ఆ చెవులపై క్యాన్సర్ కణితులు పుట్టినట్టు చూపారు. తారులోని క్యాన్సర్ కారకమైన బెంజోపైరీన్‌ను 1930లలో వేరుచేశాక, రసాయనం చర్మకణపు డీఎన్‌ఏను ఎలా దెబ్బతీస్తుందన్న ప్రశ్నే క్రమంగా పరిశోధనకు కేంద్రమైంది. పక్కనే ఉన్న రోగనిరోధక కణాల గతి ఏమిటని చాలాకాలం ఎవరూ పెద్దగా అడగలేదు.

నిజానికి ఆ కణాలు అంతకు ముందే కంటపడ్డాయి. 1868లో బెర్లిన్‌లో వైద్య విద్యార్థిగా ఉన్న పాల్ లాంగర్‌హాన్స్ గోల్డ్ క్లోరైడ్‌తో రంగు పట్టించిన చర్మంలో, కొమ్మలు చాచిన నల్లటి కణాలను చూసి అవి నాడీకణాలని భావించారు. బయటి పదార్థాల ఆనవాళ్లను, వాటిపై పోరాడే టీ కణాలనే తెల్ల రక్తకణాలకు చూపే కాపలా కణాలు అవేనని 1970ల తరువాతే స్పష్టమైంది. 1980లలో డీఎంబీఏ అనే క్యాన్సర్ కారకాన్ని పూసిన ఎలుకల చర్మంలో ఈ కణాలు తగ్గిపోయాయని, అలాంటి చర్మంపై కొత్త పదార్థాన్ని పూస్తే శరీరం దాన్ని ఎదిరించడానికి బదులు సహించడం నేర్చుకుంటోందని తేలింది.

ఈ నష్టం ఎందుకు తీవ్రమైనదో కణాల పుట్టుక చెబుతుంది. వీటి పూర్వకణాలు పిండదశలోనే చర్మంలోకి చేరి, ఆపై రక్తకణాలు పుట్టే ఎముక మజ్జపై పెద్దగా ఆధారపడకుండా అక్కడే విభజన చెందుతూ జీవితాంతం నిలుస్తాయి. డీఎంబీఏ, బెంజోపైరీన్ వంటివాటిని పసిగట్టే అరిల్ హైడ్రోకార్బన్ గ్రాహకం అనే ప్రోటీన్ ఈ కణాల్లోనూ ఉంది. అది లోపించిన ఎలుకల్లో లాంగర్‌హాన్స్ కణాలు సరిగా పరిపక్వం కావు, చర్మంలోని మరో రకం రోగనిరోధక కణాలైన గామా డెల్టా టీ కణాలూ నిలవవు. అంటే, విషాన్ని గుర్తించే గ్రాహకమే కాపలా కణాల ఎదుగుదలకూ అవసరం.

కాపలా పోయింది కాబట్టే క్యాన్సర్ వచ్చిందన్న సరళమైన వివరణతో మాత్రం సరిపెట్టుకోలేం. 2012లో వెలువడిన ఎలుకల అధ్యయనంలో లాంగర్‌హాన్స్ కణాలు లేని జంతువులే డీఎంబీఏ కణితులను బాగా తట్టుకున్నాయి. ఆ కణాలే డీఎంబీఏను మరింత హానికర రూపానికి మార్చి, పక్కనున్న చర్మకణాల డీఎన్‌ఏకు ముప్పు తెస్తున్నాయని అందులో తేలింది. పైగా ఎలుక చర్మంలో దట్టంగా ఉండే ఆ గామా డెల్టా కణాలకు మనిషి చర్మంలో సరిసమానమైనవి లేవు కాబట్టి, ఈ ఫలితాలను ఉన్నవి ఉన్నట్టుగా మనుషులకు అన్వయించడం తగదు.