జర్మన్‌లో అచ్చయితే నాజీ పేపరేనా? ఆల్సాస్ సోషలిస్టు పత్రిక గురించి అపోహలు - వాస్తవాలు

పోయిన నెల మళ్ళీ అదే ప్రశ్న. ఒక పెద్దావిడ అటక మీద దొరికిన పాత పేపర్ల కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టి, చుట్టూ ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించి అడిగింది: "మా తాతయ్య నాజీనా?"

కట్ట విప్పాను. పచ్చబడిపోయి, మడతల దగ్గర పొడి రాలుతున్నాయి. అన్నీ 'ఫ్రయె ప్రెస్సె' సంచికలే. అది ఫ్రాన్స్, జర్మనీ సరిహద్దులోని ఆల్సాస్ ప్రాంతంలో, స్ట్రాస్‌బర్గ్ నగర సోషలిస్టుల దినపత్రిక. ఏళ్ళ తరబడి ఎవరికీ చూపించలేదట పాపం.

పాత పత్రికలు చదివిపెట్టడం నా పని. ఆల్సాస్ కుటుంబాలను ఇంతగా ఏడిపించే అపోహ ఇంకొకటి లేదు: జర్మన్ భాష, పైగా ఆ కోణాల గోతిక్ అక్షరాలు, అంటే హిట్లర్ మనుషుల పేపరే అని.

ముందు అక్షరాల సంగతి. ఆ ఫ్రాక్తూర్ లిపి నాజీలు పుట్టడానికి కొన్ని వందల ఏళ్ళ ముందు నుంచీ ఉంది. 1941 జనవరిలో దాన్ని వాడొద్దని ఉత్తర్వు ఇచ్చింది నాజీలే. కాబట్టి లిపి చూసి ఎవరి తాతయ్యనీ అనుమానించకండి.

ఇక భాష. 1871 నుంచి 1918 వరకు ఆల్సాస్ జర్మన్ సామ్రాజ్యంలో ఉంది. ఆ రోజుల్లో బడికెళ్ళినవాళ్ళు చాలామంది చదవడం, రాయడం నేర్చుకున్నది జర్మన్‌లోనే. 1918లో ప్రాంతం ఫ్రాన్స్‌కు వెళ్ళింది, నిజమే, కానీ సరిహద్దు జరిగినంత తేలిగ్గా మనిషి చదివే భాష మారుతుందా? ఫ్యాక్టరీ నుంచి అలిసిపోయి ఇంటికొచ్చిన కార్మికుడు తనకు వచ్చిన భాషలోనే పేపర్ చదువుకున్నాడు. ఫ్రయె ప్రెస్సెలో పనిచేసిన జాక్ పేరోట్‌నే చూడండి: 1912లో జర్మన్ పార్లమెంటుకు ఎన్నికయ్యాడు, 1918 నవంబర్ 10న స్ట్రాస్‌బర్గ్‌లో రిపబ్లిక్ ప్రకటించాడు, 1919 నుంచి 1929 దాకా ఫ్రెంచ్ స్ట్రాస్‌బర్గ్‌కు మేయర్. 1924లో ప్రధాని ఎరియో ఫ్రాన్స్ లౌకిక చట్టాలను (చర్చిని ప్రభుత్వం నుంచి వేరుచేసేవి) ఆల్సాస్‌లోనూ అమలు చేస్తానంటే సమర్థించింది ఈ సోషలిస్టులే. అంటే పారిస్ పక్షాన జర్మన్‌లో వాదించారు! అదే ఊళ్ళో, అదే జర్మన్‌లో, కాథలిక్ పత్రిక 'డేర్ ఎల్సేసర్' దానికి ఎదురు నిలిచింది. భాష ఒకటే, గొడవ వేరు.

అందరూ అమాయకులే అని నేననడం లేదు. పేరోట్ తర్వాత మేయరైన కమ్యూనిస్టు షార్ల్ హ్యూబర్ చివరికి నాజీల పంచనే చేరాడు. అందుకే పేపర్ పేరు చూడండి, తేదీ చూడండి, లోపల ఏం రాశారో చదవండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఫ్రెంచ్ పేరుంటే లోపలా ఫ్రెంచే అనుకోవద్దు, స్ట్రాస్‌బర్గ్ కమ్యూనిస్టు పత్రిక 'ల్యుమానితె' లోపల జర్మన్‌లో ఉండేది. 1945 తర్వాత జర్మన్‌ను పూర్తిగా నిషేధించారన్నదీ తప్పే. ఆ ఏడాది సెప్టెంబర్ ఉత్తర్వు ప్రకారం పత్రిక పేరు ఫ్రెంచ్‌లో ఉండాలి, కనీసం 25 శాతం ఫ్రెంచ్ ఉండాలి, ఆటల వార్తలూ పిల్లల పేజీలూ ఫ్రెంచ్‌లోనే రావాలి. మిగతాది జర్మన్‌లో వేసుకోనిచ్చేవారు.

ఇంకొకటి, ఇంటిపేరు ఆన్‌లైన్‌లో వెతికితే రాలేదు కాబట్టి పేపర్లో లేదనుకుని వెళ్ళిపోయేవాళ్ళున్నారు. ఫ్రాక్తూర్‌లో మాట మధ్యలో వచ్చే పొడుగు 'ఎస్' అచ్చం 'ఎఫ్'లా ఉంటుంది, కంప్యూటర్ 'ఎల్సాస్'ను 'ఎల్ఫాస్' అని చదివేస్తుంది. ఈ సంగతి తెలియని కొత్తలో నేను ఒక కుటుంబానికి "మీ వాళ్ళ పేరు లేదండీ" అని చెప్పి పంపేశాను. ఏడాది తర్వాత వేరే పని మీద తిరగేస్తుంటే అదే పేరు కనిపించింది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచీ 'ఎస్' ఉన్న ప్రతి పేరునూ 'ఎఫ్' పెట్టి కూడా వెతుకుతాను.

పెద్దావిడతో రెండు గంటలు కూర్చున్నాను. ఒక సంచికలో కార్మిక సంఘం మీటింగ్ ప్రకటన పక్కన పెన్సిల్‌తో గీత ఉంది. ఆవిడ దాని మీద వేలు పెట్టి, "ఈ గీత ఆయనదే, లెక్కల పుస్తకంలోనూ ఇలాగే గీసేవాడు" అంది.