యుద్ధకాలం కథలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

చారిత్రక నవలలు రాస్తానని తెలియగానే చాలామంది అడిగే మాట, "మన తెలుగువాళ్లకి యుద్ధం ఎక్కడొచ్చిందండీ?" అని. అక్కడ్నించే మొదలుపెడతాను.

అపోహ: యుద్ధం కథంటే తుపాకీ ఉండాలి, సైనికుడు ఉండాలి.

వాస్తవం: ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి వేలమంది కూలి కోసం ఓడెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్ పోయారు. 1941 డిసెంబర్ 23న ఆ ఊరి మీద జపాన్ బాంబులు పడ్డాయి, క్రిస్మస్ నాడు మళ్లీ పడ్డాయి. రేవు కూలీలు, వీధులూడ్చేవాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉత్తరాన ప్రోమ్ ఊరికి పోయే రోడ్డు పట్టుకున్నారు. వాళ్లలో చాలామందికి నచ్చజెప్పి రంగూన్‌కే వెనక్కి పంపారు, రేవు ఆగిపోతే యుద్ధ సామాను దిగదు కదా! మార్చి 8కల్లా రంగూన్ జపాన్ చేతికి పోయింది. నాకు కావాల్సిన కథంతా ఆ "వెనక్కి పంపారు" దగ్గరే ఉంది. పంపినవాడికి నిద్ర ఎలా పడుతుంది?

అపోహ: తప్పు చేసినవాడు ఒక సీన్‌లో కుమిలిపోయి ఏడిస్తే గిల్ట్ పండుతుంది.

వాస్తవం: పండదు. నా నవలలో ఒక మేస్త్రీ, అంటే కూలీల్ని కుదిర్చేవాడు, ఉన్నాడు. ఓడ ఖర్చులకు అడ్వాన్సులిచ్చి మనుషుల్ని తీసుకెళ్లినవాడే, "ఏం కాదురా, పదండి" అని ప్రోమ్ నుంచి వెనక్కి తీసుకొచ్చాడు. తర్వాత వాళ్లలో కొందరు ప్రోమ్ నుంచి కొండలు దాటి సముద్ర తీరానికి పోయే టౌంగప్ కనుమ దారిలో కలరాతో పోయారు. వీడు బతికి ఊరు చేరాడు, పద్దుల పుస్తకంతో సహా. చచ్చిపోయినవాళ్ల బాకీలు అందులో అలాగే ఉన్నాయి. వసూలు చెయ్యడు, కొట్టెయ్యడు, ఆ పుస్తకాన్ని ఇంట్లో ఎవర్నీ ముట్టుకోనివ్వడు. ఒక్క కన్నీటి చుక్క లేకుండా వంద పేజీలు నడుస్తుంది దీంతో.

అపోహ: ప్రేమకథ రిలీఫ్ కోసం.

వాస్తవం: రంగం వెళ్లిన తెలుగువాళ్లలో ఆడవాళ్లు చాలా తక్కువ. ఊళ్లో భార్య, అక్కడ మరో మనిషి ఉన్న మగవాణ్ణి ఊహించుకోండి. పారిపోయేటప్పుడు ఒకరి దగ్గరికి నడవడమంటే ఇంకొకరిని వదిలెయ్యడమే. ఇందులో రిలీఫ్ ఏముంది, ఉన్నదంతా టెన్షనే.

అపోహ: రచయితకు చరిత్ర ఎంత ఎక్కువ తెలిస్తే అంత మంచిది.

వాస్తవం: తెలియాలి, కానీ పాత్రకు తెలియకూడదు. జనవరిలో మేస్త్రీకి మార్చి సంగతి తెలీదు. రంగం నుంచి తప్పించుకుని ఓడలో విశాఖ చేరి హమ్మయ్య అనుకున్నవాడికి, 1942 ఏప్రిల్ 6న అక్కడా బాంబులు పడతాయని తెలీదు (కాకినాడ మీద కూడా పడ్డాయి ఆ రోజే). ఇవాళ మనం కుర్చీలో కూర్చుని వాళ్లకి తీర్పులు చెప్పడం చాలా సులువు.

అపోహ: ధైర్యం చేసి నిజం ఒప్పుకుంటే అవతలివాళ్లు క్షమించాలి, లేకపోతే కథ ముగియదు.

వాస్తవం: ఇది నాకు అస్సలు నచ్చని అలవాటు. మా మేస్త్రీ చివరికి పుస్తకం పట్టుకుని ఒక వితంతువు గుమ్మంలోకి వెళ్తాడు, ఆమె కళ్ల ముందే బాకీ కొట్టేస్తాడు, వెనక్కి తెచ్చింది నేనేనమ్మా అంటాడు. ఆమె క్షమించదు, తిట్టదు, మొగుడికి రావాల్సిన ఆఖరి నెల కూలి అడుగుతుంది. డ్రాఫ్ట్ చదివిన ఫ్రెండ్స్ ఆమె మరీ కఠినురాలన్నారు. అడగాల్సిందే అడిగిందని నేనంటాను, ఆ పేజీ మార్చను.