ఈ-బైక్ మీద ఘాట్ రోడ్డు ఎక్కడం: అపోహలు - వాస్తవాలు

పెడల్ తొక్కితే మోటార్ సాయం చేసే సైకిళ్ల మీద కొత్తవాళ్లను ఘాట్ రోడ్లు ఎక్కించడం నా పని. దాదాపు అందరూ ఇవే నమ్మకాలతో వస్తారు.

అపోహ: ఫుల్ ఛార్జింగ్‌తో 80 కిలోమీటర్లు వెళ్తుందంటే, కొండ మీదా అంతే.

వాస్తవం: ఎక్కేటప్పుడు దూరం కాదు, ఎత్తు లెక్క. మనిషి, సైకిల్, సామాను కలిపి 100 కిలోలనుకుందాం. 1000 మీటర్లు పైకి చేర్చడానికే దాదాపు 272 వాట్ అవర్లు (బ్యాటరీలో ఉండే శక్తికి కొలత) కావాలి. టైర్ల రాపిడి, గాలి, మోటార్‌లో వేడిగా పోయేది అదనం. అంతా మోటార్ మీదే వదిలేస్తే 500 వాట్ అవర్ల బ్యాటరీలో సగానికి పైగా అక్కడే అయిపోతుంది. అందుకే బయల్దేరే ముందు మ్యాప్‌లో మొత్తం ఎన్ని మీటర్లు ఎక్కాలో చూడమంటాను. కాళ్లు ఎంత పనిచేస్తే బ్యాటరీ అంత మిగులుతుంది.

అపోహ: ఏటవాలు ఎక్కువైతే టర్బో (మోటార్ అన్నిటికంటే ఎక్కువ సాయం చేసే మోడ్) పెడితే చాలు.

వాస్తవం: ముందు గేరు తగ్గించాలి. మోటార్ పెడల్స్ దగ్గర ఉండే సైకిళ్లలో దాని బలం కూడా చైన్, గేర్ల మీదుగానే వెనక చక్రానికి వెళ్తుంది. బరువు గేరులో కాళ్లు నెమ్మదిగా, బలవంతంగా తిరుగుతుంటే మోటార్ మూలుగుతుంది, వేడెక్కుతుంది. నిమిషానికి 70-80 సార్లు పెడల్ తిరిగే గేరు చూసుకోండి. మలుపు దగ్గర రోడ్డు నిటారుగా లేస్తుంది కదా, అక్కడికి చేరకముందే, కాలి ఒత్తిడి ఒక్క క్షణం తగ్గించి గేరు మార్చండి. ఎక్కుతూ మార్చితే చైన్ టకామని కొట్టుకునే శబ్దం పాదానికే తెలుస్తుంది. చక్రంలోనే మోటార్ ఉండే హబ్ రకానికి మరీ నెమ్మదిగా ఎక్కడం పడదు, త్వరగా వేడెక్కుతుంది.

అపోహ: పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి మోటార్ బలం తగ్గుతుంది.

వాస్తవం: ఎలక్ట్రిక్ మోటార్‌కు ఆక్సిజన్ అక్కర్లేదు. ఆయాసం మనకే. చలికి మాత్రం బ్యాటరీ త్వరగా దిగుతుంది.

అపోహ: దిగేటప్పుడు బ్యాటరీ మళ్లీ నిండుతుంది.

వాస్తవం: చాలా సైకిళ్లలో ఆ ఏర్పాటే ఉండదు. కొన్ని హబ్ మోటార్లలో ఉన్నా తిరిగొచ్చేది కొంచెమే. నాకు దిగుడంటేనే ఎక్కువ టెన్షన్. సైకిలే 20 కిలోల పైన ఉంటుంది. మొదట్లో ఒకసారి దిగుడంతా వెనక బ్రేక్ నొక్కే పట్టుకున్నాను. సగం దూరం వచ్చేసరికి వేడికి బ్రేక్ లివర్ మెత్తబడి హ్యాండిల్‌ను తాకింది. అప్పట్నుంచి మలుపుకు ముందు రెండు బ్రేకులూ గట్టిగా వేసి వేగం తగ్గిస్తాను, తర్వాత పూర్తిగా వదిలేస్తాను. మధ్యలో ఆగి బ్రేక్ డిస్కులు చల్లారనిస్తాను. అప్పుడు వాటిని వేలితో తాకకండి, కాలుతుంది.