మ్యాక్స్ మార్టిన్ పాటలు: మా ఫీల్డ్‌లో తిరిగే అపోహలు - అసలు వాస్తవాలు

ట్యూన్లు కట్టి మ్యూజిక్ ప్రోగ్రామింగ్ చేసి బతికే మాలాంటోళ్ళ దగ్గరికి కొత్తగా వచ్చే పిల్లలు అడిగే ప్రశ్నల్లో ఒకటి పక్కాగా ఉంటుంది, "అన్నా, ఆ మ్యాక్స్ మార్టిన్ ఫార్ములా ఏంటి?" అని. పేరు వినని వాళ్ళ కోసం చెప్తున్నా, అసలు పేరు కార్ల్ మార్టిన్ శాండ్‌బర్గ్, 1971లో పుట్టిన స్వీడన్ మనిషి, ఊరు స్టాక్‌హోమ్ దగ్గరే. బ్రిట్నీ స్పియర్స్, బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్, కెల్లీ క్లార్క్‌సన్, కేటీ పెర్రీ, టేలర్ స్విఫ్ట్, ద వీకెండ్, అరియానా గ్రాండే... వీళ్ళ పెద్ద పెద్ద పాటల వెనకాల ఉన్నది ఈయనే. అమెరికాలో పాటలకి ర్యాంకులిచ్చే పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో ఈయన రాసి నంబర్ వన్ అయిన పాటలు పాతికకి పైనే ఉన్నాయి, పాటల రచయితగా ఆ లెక్కలో ఈయన కంటే ముందున్నది బీటిల్స్ బ్యాండ్ పాల్ మెకార్ట్‌నీ ఒక్కడే. ఇంత పని చేసిన మనిషి గురించి మనవాళ్ళలో తిరిగే మాటలు వింటే నాకు బాధేస్తుంది, ఎందుకంటే అవి నమ్మితే పని నేర్చుకునే దారే మూసుకుపోతుంది.

అపోహ: ఒక ఫార్ములా ఉంది, అది దొరికితే ఎవడైనా హిట్ కొట్టొచ్చు.

ఫార్ములా కాదు, వినే పద్ధతి. ఆయన చాలా తక్కువ ఇంటర్వ్యూలు ఇచ్చాడు, ఇచ్చినవాటిలో చెప్పింది చూస్తే అంతా బ్యాలెన్స్ గురించే. చరణంలో మాటలు గబగబా వరసగా పడుతుంటే కోరస్‌లో, అంటే పల్లవిలా మళ్ళీ మళ్ళీ వచ్చే భాగంలో, స్వరాలు పొడుగ్గా సాగాలి. చరణం మొదటి బీట్ మీద ఎత్తుకుంటే కోరస్ ఇంకో చోట ఎత్తుకోవాలి. వినేవాడికి తెలియకుండానే "ఏదో మారింది" అనిపించాలి. ఇంకోటి, అమెరికా సింగర్ ప్రిన్స్ పాటల్లోంచి పట్టుకున్నానని ఆయనే చెప్పిన పద్ధతి: చరణంలో వినిపించిన ట్యూన్‌నే కోరస్‌లో వేరే ఊపుతో వాడటం. అప్పుడు కోరస్ మొదటిసారి వచ్చినా మనకి ముందే తెలిసిన పాటలా అనిపిస్తుంది.

ఇది చదివితే సరిపోదు, ఒక పాట పెట్టుకుని కూర్చోవాలి. బ్రిట్నీ మొదటి పాట 'బేబీ వన్ మోర్ టైమ్' తీసుకోండి, 1998లో స్టాక్‌హోమ్‌లోనే రికార్డ్ చేశారు, 1999 జనవరిలో అమెరికాలో నంబర్ వన్ అయింది. మొదట్లో పియానో మీద మూడే మూడు దెబ్బలు, వెంటనే అదే కొలతలో గొంతు పిలుపు. పాట ఇంకా మొదలవలేదు, అప్పటికే ఏ పాటో తెలిసిపోయింది. ఆ తర్వాత చరణం కింది స్థాయిలో గొంతు అణిచిపెట్టి పాడతారు, కోరస్‌కి గొంతు విప్పుతారు. చివర్లో ఇంకా పెద్ద పని చేశారు, కోరస్ నడుస్తుండగానే దాని మీద ఇంకో ట్యూన్ కలిపి పాడించారు. రెండూ కొట్టుకోవు, ఎందుకంటే రెండూ ఒకే కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) మీద కట్టినవి, ఒకటి ఊపిరి తీసుకునే చోట ఇంకోటి వస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చివరి నిమిషం మాత్రం పదిసార్లు వినండి, నేను నా దగ్గరికి వచ్చిన ప్రతి పిల్లాడికి ఇదే చెప్తా. ఈ పాటని ముందు టీఎల్‌సీ అనే గ్రూప్‌కి ఇస్తే వాళ్ళు వద్దన్నారు. ఫార్ములానే ఉంటే అంత అనుభవమున్న వాళ్ళు వదులుకునేవాళ్ళా చెప్పండి.

అపోహ: ఈ స్వీడన్ వాళ్ళకి ఇంగ్లీష్ సరిగా రాదు కాబట్టి అర్థం లేని లిరిక్స్ రాస్తారు.

ఇక్కడ సగం నిజం ఉంది, ఆ సగమే అసలు విషయం. బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ పాట 'ఐ వాంట్ ఇట్ దట్ వే', 1999, ఆండ్రియాస్ కార్ల్‌సన్‌తో కలిసి రాసింది. చరణంలో ఒక అర్థంలో వచ్చిన లైనే కోరస్‌లో తిరగబడినట్టు వస్తుంది, నిలబెట్టి అడిగితే కథ పొసగదు. అది గమనించే ఇంకో లిరిక్‌తో అర్థం సరిగ్గా కుదిరేలా వేరే వెర్షన్ కూడా రికార్డ్ చేశారు. రెండూ విన్నాక రిలీజ్ చేసింది మాత్రం పాతదే. ఎందుకంటే ఆ మాటల్లో అచ్చులు ఆ స్వరాల మీద కూర్చున్నట్టు కొత్త మాటలు కూర్చోలేదు. పొడుగు స్వరం మీద నోరు తెరుచుకునే శబ్దం పడాలి, అది పడింది, అంతే, ప్రపంచమంతా పాడింది.

మన సినిమా పాట రాసేవాళ్ళకి ఇది కొత్త కాదు, ట్యూన్ ఇచ్చి డమ్మీ లిరిక్స్ వినిపించి ఆ మాత్రల్లో రాయమంటారు కదా, అక్కడా అదే వరస, ట్యూన్ ముందు మాట వెనక. తేడా ఏంటంటే శబ్దానికీ అర్థానికీ గొడవొస్తే స్టాక్‌హోమ్ వాళ్ళు శబ్దం వైపు మొగ్గుతారు. అది నిర్లక్ష్యం అనుకోవద్దు. 'టీనేజ్ డ్రీమ్' లిరిక్స్ కేటీ పెర్రీ, ఆమెతో కలిసి రాసిన బానీ మెకీ ఎన్నిసార్లు తిరగరాశారో, ఒక లైన్‌లో ఇన్ని సిలబుల్స్ ఉంటే పక్క లైన్‌లో అద్దంలో చూసినట్టు అన్నే ఉండాలని మ్యాక్స్ మార్టిన్ పట్టుబడతాడని బానీ మెకీయే చెప్పింది. నిర్లక్ష్యంగా రాసేవాడు అన్నిసార్లు తిరగరాయించడు.

అపోహ: పుట్టుకతో వచ్చిన జీనియస్, మనకి రాదు.

ఇది నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే మాట. ఆయన తండ్రి పోలీసు. పిల్లాడు సంగీతం నేర్చుకుంది ప్రభుత్వ సంగీత పాఠశాలలో, స్వీడన్‌లో మున్సిపాలిటీలే నడుపుతాయి వాటిని, ముందు రికార్డర్ అనే పిల్లనగ్రోవి లాంటిది, తర్వాత ఫ్రెంచ్ హార్న్, తర్వాత డ్రమ్స్, కీబోర్డ్. నాకు దొరికిందంతా ఆ పబ్లిక్ మ్యూజిక్ చదువు పుణ్యమేనని ఆయనే అన్నాడు. తర్వాత బడి మానేసి 'ఇట్స్ అలైవ్' అనే హార్డ్ రాక్ బ్యాండ్‌లో సింగర్‌గా చేరాడు, ఆ బ్యాండ్ ఆల్బమ్ పెద్దగా ఆడలేదు.

కానీ ఆ ఆల్బమ్ తీసిన చెయిరాన్ వాళ్ళ దగ్గరే ఆయన జీవితం మలుపు తిరిగింది. స్టాక్‌హోమ్‌లో కుంగ్స్‌హోల్మెన్ అనే దీవి మీద ఉన్న స్టూడియో అది, 1992లో డెనిజ్ పాప్, టామ్ టలోమా కలిసి పెట్టారు. డెనిజ్ పాప్ అసలు పేరు డాగ్ వోల్లె, డీజే, ఏ వాయిద్యమూ సరిగా వాయించడం రాదు, కానీ బీట్ పడితే జనం ఎక్కడ కదులుతారో ఆయనకి తెలిసినట్టు ఇంకొకరికి తెలీదు. ఏస్ ఆఫ్ బేస్ అనే పాప్ గ్రూప్ వాళ్ళు పంపిన డెమో క్యాసెట్ కార్ టేప్ ప్లేయర్‌లో ఇరుక్కుపోయి బయటికి రాకపోతే అదే మళ్ళీ మళ్ళీ విని, మొదట నచ్చని పాటలో ఏం చేయొచ్చో కనిపెట్టాడని అక్కడి వాళ్ళందరికీ తెలిసిన కథ, ఆ పాటే 'ఆల్ దట్ షీ వాంట్స్'. అలాంటి గురువు ఈ రాక్ సింగర్‌లో ట్యూన్ కట్టే చెయ్యి ఉందని గుర్తించి స్టూడియోలో కూర్చోబెట్టుకున్నాడు. మ్యాక్స్ మార్టిన్ అన్న పేరు కూడా ఆయన పెట్టిందే, అడక్కుండానే రికార్డ్ మీద వేసేశాడు. థియరీ తెలిసిన శిష్యుడు, థియరీ తెలియకపోయినా డాన్స్ ఫ్లోర్ తెలిసిన గురువు, ఇద్దరూ ఒకరికి లేనిది ఒకరు ఇచ్చుకున్నారు. 1998 ఆగస్టులో డెనిజ్ పాప్ క్యాన్సర్‌తో పోయాడు, 35 ఏళ్ళే. బ్రిట్నీ పాట నంబర్ వన్ అవ్వడం చూడకుండానే పోయాడు, అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె పట్టేసినట్టు ఉంటుంది నాకు.

అపోహ: 90ల బాయ్ బ్యాండ్ల గాలి వీచింది, అదృష్టం, అంతే.

2000 చివర్లో చెయిరాన్ మూసేశారు. టీన్ పాప్ ఊపు కూడా తగ్గింది. అక్కడితో అయిపోవాల్సిన కెరీర్ అది. 2001లో మారటోన్ అని కొత్త కంపెనీ పెట్టాడు, కొన్నేళ్ళు అమెరికా చార్ట్స్‌లో ముందున్నంత జోరు లేదు. 2004లో డాక్టర్ లూక్ అనే ప్రొడ్యూసర్‌తో కలిసి కెల్లీ క్లార్క్‌సన్ కోసం 'సిన్స్ యు బీన్ గాన్' చేశాడు. న్యూయార్క్ ఇండీ రాక్ బ్యాండ్లు వింటూ, వీళ్ళ పాటల్లో ఆ గిటార్ గరుకుతనం బావుంది కానీ కోరస్ దగ్గర పేలట్లేదే అనుకుని, ఆ గరుకు ఉంచి పేలే కోరస్ పెట్టారు. తన పాత సౌండ్‌ని తనే పక్కన పెట్టాడు. 2008లో కేటీ పెర్రీతో మళ్ళీ నంబర్ వన్. 2014లో టేలర్ స్విఫ్ట్ '1989' ఆల్బమ్. 2019 చివర్లో వచ్చిన వీకెండ్ పాట 'బ్లైండింగ్ లైట్స్' నిమిషానికి 171 బీట్ల టెంపోలో పరిగెడుతుంది, 80ల సింథ్ (సింథసైజర్) సౌండ్, గొంతు రాకముందే సింథ్ వాయించే ట్యూనే అసలు హుక్, అంటే చెవిలో పట్టుకుని వదలని ముక్క, దాన్ని 2021లో బిల్‌బోర్డ్ తన హాట్ 100 చరిత్రలోనే నంబర్ వన్ పాటగా లెక్కేసింది. పాతికేళ్ళ పాటు వీచే గాలి ఎక్కడైనా ఉంటుందా.

అపోహ: సింగర్లు బొమ్మలు, అంతా ఆయనే చేస్తాడు.

కాదు. డెమో ఆయనే పాడతాడు, ఆయన గొంతు చాలా బావుంటుంది, మన దగ్గర ట్రాక్ సింగర్ పాడినట్టు, ప్రతి విరుపూ ఆ డెమోలోనే ఉంటుంది, అంతవరకు నిజం. కానీ టేలర్ స్విఫ్ట్ లిరిక్ తనే రాసుకుని వస్తుంది. ఇక పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు: ర్యామీ యాకూబ్, షెల్‌బ్యాక్, ఆస్కార్ హోల్టర్, భారత మూలాలున్న టెక్సాస్ మనిషి సావన్ కొటేచా. చెయిరాన్‌లో పని నడిచిందే అలా, ఒకరి ట్రాక్ మీద ఇంకొకరు ట్యూన్ వేసేవారు, బాగోకపోతే మొహమాటం లేకుండా చెప్పేసేవారు. డెనిజ్ తనని కూర్చోబెట్టినట్టే ఈయన తర్వాత తరం వాళ్ళని కూర్చోబెట్టాడు. క్రెడిట్స్‌లో ఐదారు పేర్లు చూసి "ఇంతమందా" అని వెక్కిరించే వాళ్ళు ఇది తెలుసుకోవాలి, ఒక్కడే గదిలో కూర్చుని కట్టిన ట్యూన్‌లో లోపం వాడికి వినపడదు, పక్కనోడికి వినపడుతుంది.

అపోహ: స్టార్ లేకపోతే ఈ పాటలు నిలబడవు.

2019లో మాంచెస్టర్‌లో మొదలై లండన్ వెస్ట్ ఎండ్‌కి, 2022లో న్యూయార్క్ బ్రాడ్‌వేకి వెళ్ళిన మ్యూజికల్, అంటే పాటలతో నడిచే నాటకం, '& జూలియట్' చూడండి. షేక్‌స్పియర్ జూలియట్ చనిపోకుండా బతికితే ఏమయ్యేదన్న కథ, అందులో పాడేవన్నీ దాదాపు ఈయన పాటలే. ఆ నటుల్లో బ్రిట్నీ లేదు, బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ లేరు, అరేంజ్‌మెంట్లు కూడా మార్చారు, కొన్నిచోట్ల బీట్ తగ్గించేసి నెమ్మదిగా పాడించారు. అయినా జనం టికెట్ కొనుక్కుని వెళ్ళి పాతికేళ్ళ నాటి ట్యూన్లకి లోపల్లోపల పాడుకుంటూ కూర్చుంటున్నారు.