టాయ్ బ్రీడ్ పిల్లను కడుపు మాడ్చకండి: అపోహలు - వాస్తవాలు

"సార్, నిన్న పొద్దుగాల రెండుసార్లు కక్కింది. ఒక దినం ఏం పెట్టకుంటే కడుపు సాఫైతదన్నరు, పెట్టలే. ఇప్పుడు లేపితే లేస్తలేదు." టాయ్ పామ్ (పొమేరేనియన్), షిట్జు, చువావా లాంటి టాయ్ బ్రీడ్, అంటే బాగా చిన్న జాతి, కుక్కపిల్లలను తువ్వాల్లో చుట్టి క్లినిక్‌కు ఎత్తుకొచ్చేవాళ్లు చెప్పేది దాదాపు ఇదే. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: వాంతులైతే ఒకరోజు పస్తుంచాలి.

వాస్తవం: పెరిగిన లాబ్రడార్ ఒక పూట పస్తుకు తట్టుకుంటుంది. 600 గ్రాముల పిల్ల తట్టుకోదు. దాని కాలేయంలో నిల్వ ఉండే చక్కెర చాలా తక్కువ, ఒంటి మీద కండా కొవ్వూ లేవు, మెదడుకేమో ఎప్పుడూ చక్కెర అందుతుండాలి. ఆరేడు గంటలు ఖాళీ కడుపుతో ఉన్నా రక్తంలో షుగర్ 60 కిందికి పడిపోవచ్చు. మూడు, నాలుగు నెలలు నిండేదాకా ఈ గండం ఉంటుంది. చాలాసార్లు వాంతి కన్నా ముందు పస్తే ప్రాణం తీస్తుంది.

షుగర్ పడిపోయేటప్పుడు పిల్ల ముందు ఆట మానేస్తుంది. నిలబెడితే వెనక కాళ్లు తూలుతాయి. చెవుల కొసలు చల్లబడతాయి. పై పెదవి ఎత్తి చూడండి, చిగురు పాలిపోయి ఉంటుంది. ఆ తర్వాత వణుకు, ఫిట్స్, స్పృహ లేకపోవడం. దిష్టి తగిలిందని, ఫిట్స్ కాబట్టి ఉల్లిగడ్డ వాసన చూపించాలని, తాళంచెవులు పెట్టాలని ఇంట్లో తలా ఒక మాట చెబుతారు. కళ్ల ముందు పిల్ల కొట్టుకుంటుంటే ఎవరికైనా చేతులాడవు, వాళ్లను తప్పు పట్టను. కానీ వాటితో షుగర్ పెరగదు, చేతిలో ఉన్న పది నిమిషాలు పోతాయి. ముఖాన నీళ్లు కొడితే ఉన్న వేడీ పోతుంది.

చేయాల్సింది ఇది. చెంచా గ్లూకోజ్ పొడిని కాసిని గోరువెచ్చటి నీళ్లతో చిక్కగా కలపండి, లేదంటే తేనె తీసుకోండి. శనగగింజంత వేలికి అద్దుకుని పెదవి లోపల చిగురుకు రుద్దండి. రెండు నిమిషాలకోసారి మళ్లీ రుద్దండి. పళ్ల మధ్య వేలు పెట్టొద్దు, ఫిట్స్‌లో గట్టిగా కరుస్తుంది. స్పృహ లేని పిల్ల నోట్లో సిరంజితో ఏదీ పోయొద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. 'షుగర్ ఫ్రీ' అని రాసి ఉన్నదేదీ వాడొద్దు. వాటిలో కొన్నింట్లో తీపి కోసం వేసే జైలిటాల్ కుక్కలో షుగర్‌ను ఇంకా పడేస్తుంది. వేడినీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి పక్కన పెట్టండి.

పిల్ల తేరుకుని తలెత్తిందంటే పని అయిపోలేదు. గ్లూకోజ్ ఎక్కినంత వేగంగా దిగిపోతుంది. ఒళ్లు వెచ్చబడి బాగా మింగగలుగుతుంటే వెంటనే రెండు చెంచాల మెత్తటి తిండి పెట్టి, డాక్టర్ దగ్గరికి బయల్దేరండి. తేరుకోకపోతే రుద్దుతూనే దారి పట్టండి, డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) సెలైన్ నరానికి ఎక్కించాల్సిందే. మనుషుల షుగర్ మిషన్ కుక్క రక్తంలో సాధారణంగా అసలు కన్నా తక్కువ చూపిస్తుంది. పిల్ల తూలుతుంటే మాత్రం అంకె కోసం ఆగొద్దు.

మరి వాంతులైతే? కొద్దికొద్దిగా, చెంచాడేసి, గంటకోసారి. అదీ నిలవకపోయినా, వరుసగా రెండు పూటలు తినకపోయినా తెల్లారేదాకా ఆగకండి. నెత్తురు, దుర్వాసనతో విరేచనాలైతే పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు, దానిలోనూ షుగర్ పడిపోతుంది. రాత్రిపూట తెరిచి ఉండే క్లినిక్ ఏదో పిల్ల ఇంటికి వచ్చిన రోజే కనుక్కుని ఉంచుకోండి.

అపోహ: నెల పిల్లను తెస్తేనే మచ్చిక అవుతుంది, పాలు పోస్తే చాలు.

వాస్తవం: ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మడం 2017 కేంద్ర నిబంధనల ప్రకారం నిషేధం. హైదరాబాద్ నుంచి వరంగల్‌కు మూడు గంటలు డబ్బాలో, దారిలో తిండి లేక, కొత్త ఇంట్లో రాత్రంతా ఏడ్చి, తెల్లారి పడిపోయే పిల్లలు ఇలా తెచ్చినవే ఎక్కువ. ఆవుపాలలో కుక్క తల్లిపాలలో ఉన్నంత కొవ్వూ మాంసకృత్తులూ ఉండవు, పైగా విరేచనాలు పట్టుకుంటాయి. పప్పీ స్టార్టర్‌ను (పసి కుక్కపిల్లలకని అమ్మే పొడి తిండి) వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి మెత్తగా చేసి రోజుకు ఐదారుసార్లు పెట్టండి. ఒకటి రాత్రి పదకొండుకు, ఇంకోటి తెల్లవారుజామున ఐదుకు. వంటింటి తక్కెడ మీద రోజూ ఒకే వేళకు తూచి రాసుకోండి. రెండు రోజులు వరుసగా బరువు తగ్గితే చూపించండి. కడుపులో నులిపురుగులున్నా తిండి ఒంటికి పట్టదు, కాబట్టి రెండో వారం నుంచి రెండు వారాలకోసారి మందు పడిందో లేదో అమ్మినవాళ్లను అడగండి.

'టీకప్' అనే జాతి లేదు. అది అమ్మకం మాట. పిల్ల ఎంత చిన్నదైతే షుగర్ అంత తొందరగా పడుతుంది.

మిగతావి చకచకా. వెనక కాలెత్తి మూడు కాళ్లతో గెంతి, మళ్లీ మామూలుగా నడిస్తే చాలావరకు మోకాలి చిప్ప జారడమే. కాల్షియం సిరప్‌తో అది నిలబడదు. ఎండాకాలం పామ్‌కు గుండు కొట్టిస్తే ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది, కొన్నిటికి బొచ్చు సరిగా తిరిగి రాదు. కూలర్ ముందు నీడ పట్టున ఉంచండి. నొప్పికి ఇంట్లో ఉన్న ఐబుప్రోఫెన్ మాత్ర అస్సలొద్దు. రెండు కిలోల కుక్కకు ఒక్క 400 మిల్లీగ్రాముల మాత్ర కిడ్నీలు దెబ్బతినేంత మోతాదు. బాతు అరిచినట్టు పొడి దగ్గు వస్తుంటే బొక్క ఇరుక్కుందని గొంతులో వేలు పెట్టకండి. గాలిగొట్టం మెత్తబడి ఉండొచ్చు. ముందు మెడ పట్టీ తీసేసి ఛాతీకి వేసే హార్నెస్ కట్టండి, తర్వాత ఆ దగ్గును ఫోన్‌లో వీడియో తీసి తీసుకురండి. క్లినిక్‌లో అది దగ్గదు.